ముద్దు తీసి కాగితం పెట్టిన పాటలు

దుబాసీ పనిలో చేరబోయే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, "ఆంటీ, ఏ నిఘంటువు కొనమంటారు?" అని అడుగుతుంటారు. ఏదో ఒకటి కొనమంటాను. నిఘంటువు చూడకుండా నేను చేసిన తప్పులు చాలా ఉన్నాయి గానీ వాటివల్ల ఎవరికీ పెద్ద నష్టం కలగలేదు. ప్రతి మాటా నిఘంటువులో సరిచూసుకునే అలవాటు బాగా కుదిరాక చేసిన తప్పు మాత్రం ఒకటుంది. దానివల్ల కడప జిల్లా మనిషి ఒకతను నాలుగు నెలలపాటు ఫ్రెంచి పాటల వెంట తిరగాల్సి వచ్చింది. నా ఉద్యోగంలో నేను నేర్చుకున్నదంతా ఆ నాలుగు నెలల్లోనే ఉంది కాబట్టి, మిగతావి వదిలేసి అదే రాస్తున్నాను.

నా మూడు భాషలు

మాది యానాం. ఫ్రెంచివాళ్ళ కాలంలో మా నాన్న అక్కడి కోర్టులో గుమాస్తా. వాళ్ళు వెళ్ళిపోయాక తన దగ్గర మిగిలిపోయిన ఫ్రెంచిని ఎవరికో ఒకరికి అప్పగించాలి కాబట్టి, రోజూ సాయంత్రం నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని అప్పగించాడు. అది కోర్టు ఫ్రెంచి. "పైన పేర్కొన్న", "సదరు వ్యక్తి", "కావున మనవి" లాంటివి నాకు పదేళ్ళకే వచ్చు. "నువ్వంటే నాకిష్టం" అని ఆ భాషలో ఎలా అంటారో నలభై దాటేదాకా అవసరం పడలేదు. 'ర' అక్షరాన్ని ఫ్రెంచివాళ్ళు గొంతులో గరగరలాడిస్తారు. మా నాన్న దాన్ని శుభ్రంగా నాలుక కొసన, మన 'ర' లాగే పలికేవాడు. నేనూ అంతే.

ఇంగ్లీషు కాకినాడ కాలేజీలో వచ్చింది. మా ఆయన కరెంటు ఇంజనీరు. ఆయన ఉద్యోగం దోహాలో కావడంతో అక్కడ అల్ మన్సూరాలో ఫ్లాటు తీసుకుని ఉండేవాళ్ళం. అరబిక్ నాకు కూరగాయల బజారులో మొదలై, పక్కింటి పాలస్తీనా ఆవిడ దగ్గర వ్యాకరణం దిద్దుకుని, ఉద్యోగంలో స్థిరపడింది. ఏసీలు దిగుమతి చేసే ఒక ఖతరీ వ్యాపారి దగ్గర పని. ఫ్రాన్సు నుంచి వచ్చే ఉత్తరాలు చదివి ఆయనకు అరబిక్‌లో చెప్పాలి, ఆయన చెప్పింది ఫ్రెంచిలో రాయాలి.

చేరిన ఏడాదే ఒక పొరపాటు చేశాను. ఒక ఉత్తరంలో 'ఎవాంత్యుయెల్మాఁ' అనే మాట వచ్చింది. ఇంగ్లీషులో అలాంటి మాటే ఉంది, చివరికి తప్పకుండా జరుగుతుందని దాని అర్థం. అదే అనుకుని, యంత్రాలు వచ్చేస్తున్నాయని చెప్పాను. ఆయన మూడు రోజులు వరసగా రేవుకు వెళ్ళి ఓడల వంక చూసి వచ్చాడు. నాలుగో రోజు నన్ను పిలిచి ఆ మాటకు అర్థం మళ్ళీ చెప్పమన్నాడు. నిఘంటువు తీశాను. "వస్తే రావచ్చు, రాకపోనూ వచ్చు" అని ఉంది.

ఆయన కోప్పడలేదు. ఆ మాటను డైరీలో అరబిక్ అక్షరాల్లో రాసుకున్నాడు. అప్పట్నుంచి తనకు ఇష్టంలేని పెళ్ళిళ్ళకు ఎవరు పిలిచినా "ఎవాంత్యుయెల్మాఁ" అనేవాడు. పిలిచినవాళ్ళు అదేదో దీవెన అనుకుని వెళ్ళిపోయేవాళ్ళు.

ఇలాంటి తప్పులకు భయపడకండి. ఓడ రాకపోతే బయటపడిపోతాయి.

గాలి అమ్మేవాడు వాసన అమ్మలేడా

మా యజమానిని అందరూ అబూ ఖాలిద్ అనేవారు. భారీ మనిషి, గొంతు మాత్రం మెత్తన. ప్రతి ప్రశ్నా రెండుసార్లు అడిగేవాడు. ఆలోచన మొదలుపెట్టాడంటే మధ్యలో ఎక్కడా తప్పు కనిపించదు, చివరికి వచ్చేసరికి మాత్రం మనం ఎక్కడ ఉన్నామో తెలియదు.

ఒకరోజు పిలిచి, ఒక ఫ్రెంచి అత్తరు కంపెనీ ఏజెన్సీ తనకు కావాలన్నాడు.

"మనం అమ్మేది ఏసీలు కదండీ," అన్నాను.

"ఏసీ అంటే ఏమిటి? గాలి. గాలి అమ్మేవాడు వాసన అమ్మలేడా, ఉస్తాదా?" అన్నాడు. ఉస్తాదా అంటే పంతులమ్మ. నన్నలాగే పిలిచేవాడు.

ఆ కంపెనీ నుంచి ఒక పెద్దావిడ చలికాలంలో వస్తుందట. మిగతా వ్యాపారులందరూ ఆవిడకు బంగారపు ఖర్జూరం చెట్టు బొమ్మలిస్తారు. అందరిచ్చేదే తనూ ఇస్తే లాభం లేదు. ఫ్రెంచివాళ్ళకు అన్నిటికంటే ఇష్టమైనది వాళ్ళ భాష. ఆ భాష పరాయివాళ్ళ నోట వింటే కరిగిపోతారు. అందుకని పారిస్ విమానాశ్రయంలో తను కొన్న పాత ఫ్రెంచి పాటల క్యాసెట్లోంచి పన్నెండు తీసి, పన్నెండు దేశాలవాళ్ళ చేత పాడించి, ఆల్బమ్ వేసి ఆవిడ చేతిలో పెట్టాలి. ప్రపంచమంతా ఫ్రాన్సు కోసం పాడుతున్నట్టు ఉంటుంది.

"అంతమంది పాటగాళ్ళు ఎక్కడున్నారు?" అన్నాను.

"మన గిడ్డంగిలో ఉన్నారు."

గిడ్డంగిలో ఏడు దేశాలే తేలాయి. ఎక్కువమంది మనవాళ్ళు. ఆయన కాసేపు ఆలోచించి, ఆల్బమ్ వరకు కేరళ ఒక దేశం, పంజాబ్ ఒక దేశం, ఆంధ్రా ఒక దేశం అని తేల్చేశాడు. శ్రీలంకను రెండు చేయవచ్చా అని అడిగితే వద్దన్నాను. మిగిలిన దేశాలు పక్క దుకాణాల్లోంచి వచ్చాయి.

ఓబులేసు అన్నది, నేను చెప్పింది

సరిగ్గా ఆ వారమే ఓబులేసు నా దగ్గరికి వచ్చాడు. అల్ వక్రాలో యజమాని ఇంటి డ్రైవరు. రాయచోటి దగ్గర పల్లె. ముప్ఫై ఏళ్ళుంటాయి.

"అక్కా, బాబాతో ఒక మాట చెప్పాల," అన్నాడు. ఇంటి యజమానిని డ్రైవర్లు బాబా అనేవారు.

"నీకు అరబిక్ వచ్చు కదయ్యా, నువ్వే చెప్పకపోయావా?"

"నాకొచ్చేది కుడికి పో, ఎడమకు పో, పాలు తే, అంతే గదక్కా. ఇది పెద్ద మాట. మంచి అరబ్బీలో చెప్పాల."

ఇద్దరం లోపలికి వెళ్ళాం. ఓబులేసు చేతులు కట్టుకుని, నా వైపు చూడకుండా యజమాని వైపే చూస్తూ తెలుగులో చెప్పాడు: "నేనొచ్చి నాలుగేండ్లాయ. రెండేండ్లకే సెలవియ్యాల. అప్పుడు మీ అమ్మకు ఆపరేషనంటిరి, ఉంటి. మళ్ళ పిల్లోళ్ళ ఇస్కూలంటిరి, ఉంటి. నేనొచ్చేటప్పుడు నా పెండ్లాం కడుపుతో ఉండె. ఆ బిడ్డకు మూడేండ్లు దాటె, ఇంతవరకు నేను జూడల్యా. ఇంగ నా వల్ల గాదు. ఈ నెల సెలవియ్యాల. ఇయ్యకుంటే బండి తాళాలు ఈడ బెట్టి కూకుంటా. ఏమన్నా జేసుకోండి."

నేను అరబిక్‌లో చెప్పింది ఇది: "మీ దగ్గర నాలుగేళ్ళుగా సంతోషంగా పనిచేస్తున్నాడు. తమకు వీలైనప్పుడు, ఇబ్బంది లేకపోతే, ఒకసారి ఊరు వెళ్ళి రావాలని కోరిక."

ఎందుకలా చెప్పానని చాలాసార్లు ఆలోచించాను. తాళాల మాట చెబితే ఆయనకు కోపం వస్తుందని, మొదటికే మోసమని అనుకున్నాను. మెత్తగా చెబితే పని జరుగుతుందనుకున్నాను. అప్పట్లో నేను దాన్ని సంస్కారం అనేదాన్ని. అసలు సంగతేమిటంటే, గదిలో కటువైన మాట నా నోట్లోంచి రావడం నాకిష్టం లేదు. మాట అతనిది, సిగ్గు నాది.

అబూ ఖాలిద్ ముఖం వెలిగిపోయింది. "సంతోషంగా ఉన్నాడా? చాలా మంచిది. ఇతను బండిలో పాడుకుంటాడని మా పిల్లలు చెబుతారు. ఆంధ్రా తరఫున ఇతన్ని తీసుకో. ఆల్బమ్ అయ్యాక హాయిగా వెళ్ళి రమ్మను."

ఓబులేసు వైపు తిరిగి, దాన్నీ మెత్తబరిచాను. "ఇస్తామన్నారయ్యా. ముందు చిన్న పాటొకటి పాడాలట."

"పాటనా?"

"ఫ్రెంచి పాట."

అతను నన్ను చూశాడు, యజమానిని చూశాడు. "సరేలే అక్కా. పాడాలంటే పాడదాం," అన్నాడు.

వైను బదులు టీ

పాటలు విని రాయడం నా వంతు. యజమాని రెండు షరతులు పెట్టాడు. పాటల్లో మద్యం ఉండకూడదు, ముద్దులు ఉండకూడదు. పాట పొడవు మాత్రం తగ్గకూడదు.

ఆ రెండూ తీసేస్తే ఫ్రెంచి పాటలో మిగిలేది వాన. అయినా కూర్చున్నాను. వైనును వాళ్ళు 'వ్యాఁ' అంటారు, ఒక్క అక్షరం. టీ కూడా 'తే', ఒక్క అక్షరమే. ఎక్కడ వైను ఉంటే అక్కడ టీ పోశాను. ముద్దు 'బెజే'. రెండక్షరాలు, చివర ఏకారం. అలాంటి మాట కోసం రెండు రోజులు వెతికితే 'పాప్యే' దొరికింది. కాగితం. తాళానికి సరిగ్గా సరిపోయింది. దాంతో పన్నెండు పాటల్లోనూ ప్రేమికులు ఒకరినొకరు కాగితం అడగడం మొదలుపెట్టారు. వానలో కాగితం ఇచ్చుకున్నారు. ఒక పాటలో అమ్మాయి తనకు వచ్చిన మొదటి కాగితాన్ని తల్చుకుని ఏడుస్తుంది.

ఇది కాక, క్యాసెట్లో వినపడని చోట్లు ఉన్నాయి. అక్కడ నాకు వచ్చిన ఫ్రెంచి పెట్టాను. అందువల్ల ఒక పాట పల్లవి "ఓ నా పైన పేర్కొన్నదానా" అని మొదలవుతుంది.

యజమానికి చదివి వినిపిస్తే, "ఇంత గౌరవమైన ప్రేమ నేను ఎక్కడా వినలేదు," అన్నాడు.

ఓబులేసుకు అతని పాట తెలుగు అక్షరాల్లో రాసిచ్చాను. దాన్ని బండిలో ఎండ తగలకుండా దించుకునే అట్టకు అంటించుకున్నాడు. వారం తర్వాత వచ్చి అర్థం అడిగాడు.

"నువ్వు నన్ను ఇక్కడే ఉంచేశావు, బయట వాన పడుతోంది, నాకింకేమీ వద్దు, వెళ్ళేముందు ఒక్క కాగితం ఇవ్వు చాలు, అని," చెప్పాను.

"ఏం కాగితం?"

"ఏదో కాగితంలే."

ఖతర్లో ఊరు వెళ్ళాలంటే యజమాని సంతకం పెట్టిన కాగితం కావాలి. అది లేకుండా విమానం ఎక్కనివ్వరు. ఆ సంగతి ఓబులేసుకు తట్టింది. నాకు తట్టలేదు.

"మంచి పాటే," అన్నాడు.

ఏసీలవాళ్ళ ఇంట్లో ఏసీలు ఆపి

రికార్డింగు అల్ వక్రాలో యజమాని ఇంటి మజ్లిస్‌లో. అంటే అతిథులు కూర్చునే పెద్ద గది. తివాచీలు, దిండ్లు ఉన్నాయి కాబట్టి ధ్వని బాగుంటుందని పెళ్ళిళ్ళకు వీడియోలు తీసే ఒక ఈజిప్టు అతను చెప్పాడు. గదిలో ఏడు ఏసీలు. అన్నీ మేం అమ్మేవే. అవి తిరుగుతుంటే టేపులో పాట వినపడదు, ఏసీలే వినపడతాయి. అందుకని ఆపేసేవాళ్ళం. అది ఆగస్టు.

రెండు చరణాలకు మించి ఎవరూ నిలబడలేకపోయారు. ఫిలిప్పీన్స్ అమ్మాయి ఒక్కతే అసలైన గాయని. ఆమె పాట మధ్యలో మైకు చెమటకు జారి పడింది. సూడాన్ కాపలాదారు ఊద్ వాయించుకుంటూ పాడతానని, మధ్యలో ఆపితే పాటకు అవమానమని, మూడు నిమిషాల పాటను పంతొమ్మిది నిమిషాలు పాడాడు. పంజాబ్ తరఫు మెకానిక్ "పైన పేర్కొన్నదానా" దగ్గరికి వచ్చినప్పుడల్లా చెయ్యి పైకెత్తి సీలింగు చూపించేవాడు. టేపులో చెయ్యి కనపడదని చెప్పాం. చెయ్యి ఎత్తకపోతే మాట గుర్తురాదన్నాడు. నేపాల్ అతను పాట నేర్చుకున్నాక వేరే కంపెనీకి మారిపోయాడు. ఆ దేశాన్ని మళ్ళీ వెతకాల్సి వచ్చింది.

ఒక నెలలో కావాల్సింది నాలుగు నెలలయింది. ఓబులేసు పాట రెండో వారంలోనే అయిపోయినా, ఆల్బమ్ అయ్యాకే సెలవు కాబట్టి అతను మిగతావాళ్ళను బండిలో తెచ్చి దింపుతూ ఉండేవాడు. ప్రతివారం అడిగేవాడు: "అక్కా, ఇంగెన్ని దేశాలు?"

"ఐదు."

మరో వారం. "ఇంగెన్ని?"

"ఐదేనయ్యా. నేపాల్ పోయింది."

రెండుసార్లు అతను, "బాబాకు ఇంగోసారి చెప్పరాదా, ఊర్లో బిడ్డకు జొరమంట," అన్నాడు. రెండుసార్లూ వెళ్ళి, "మన డ్రైవరు ఊరి విషయం గుర్తుచేయమన్నాడండీ," అన్నాను. జ్వరం మాట అనలేదు. ఆయన పనిలో ఉన్నాడు, ఎందుకు కష్టపెట్టడం అనుకున్నాను. "గుర్తుంది, గుర్తుంది. అతని పాటే అన్నిటికంటే బాగుంది," అనేవాడు ఆయన. దాన్ని మాత్రం ఓబులేసుకు పొల్లుపోకుండా చేరవేసేదాన్ని.

మదాం విన్న రోజు

చలికాలం మొదట్లో ఫ్రెంచి ఆవిడ వచ్చింది. అరవై దాటిన మనిషి, సన్నగా, నిటారుగా ఉంది. వెస్ట్ బేలో హోటల్ నుంచి ఓబులేసే తీసుకొచ్చాడు. మజ్లిస్‌లో కూర్చోబెట్టి, ఖర్జూరాలు పెట్టి, ఏసీలన్నీ వేసి, యజమాని తన చేత్తో క్యాసెట్ పెట్టాడు. నేను ఇద్దరి మధ్యా కూర్చున్నాను.

మొదటి పాట అయింది. ఆవిడ తల ఒకపక్కకు వంచి నన్నడిగింది, "బాగుంది. ఏ భాష ఇది?"

"ఏమంటోంది?" అన్నాడు యజమాని.

"బాగుందంటోంది," అన్నాను. అబద్ధం కాదు, సగం.

నాలుగు పాటలయ్యాక ఆవిడ ముందుకు వంగింది. భాష ఏదో తెలిసిపోయింది. "ఇవి నా చిన్నప్పటి పాటలు," అంది. "అయితే వీళ్ళందరూ కాగితం ఎందుకు అడుగుతున్నారు?"

"ఏమంటోంది?"

"చిన్నప్పటి పాటలని సంతోషిస్తోంది."

సూడాన్ పాట పంతొమ్మిది నిమిషాలూ కదలకుండా వింది. ఆవిడ మర్యాద చూసి నాకు భయం వేసింది. తర్వాత ఓబులేసు గొంతు వచ్చింది. వాద్యం ఏదీ లేదు, గొంతు ఒక్కటే. మా నాన్న 'ర', రాయచోటి రాగం. వెళ్ళేముందు ఒక్క కాగితం ఇవ్వు చాలు, అనే చోట అతను పాటను వదిలేసి దాదాపు మామూలుగా అడిగినట్టే అన్నాడు. రికార్డు చేసిన రోజు నేను అక్కడే ఉన్నాను, నాకది వినపడలేదు.

ఆవిడ చెయ్యెత్తి టేపు ఆపమంది. "ఇతను మా అమ్మ ఊరివాళ్ళలాగా 'ర' పలుకుతున్నాడు. మా దక్షిణాన ముసలివాళ్ళు ఇలాగే అంటారు. కానీ ఇతను పాడటం లేదు. నిజంగా ఏదో అడుగుతున్నాడు. ఏం కావాలి ఇతనికి?"

"ఏమంటోంది? ఏమంటోంది?" అన్నాడు యజమాని.

పదమూడేళ్ళుగా ఆ ప్రశ్నకు నా దగ్గర ఎప్పుడూ ఒక మెత్తని జవాబు సిద్ధంగా ఉండేది. ఆ రోజు కూడా నోటిదాకా వచ్చింది. అయితే ఆవిడ జవాబు కోసం నన్నే చూస్తోంది, నిజంగా తెలుసుకోవాలని చూస్తోంది.

"ఇతను పాడటం లేదు, అడుగుతున్నాడు, ఏం కావాలి ఇతనికి, అని అడుగుతోంది," అన్నాను అరబిక్‌లో.

ఆయన నవ్వాడు. "ఏం కావాలి?"

"సెలవు."

"గుర్తుంది కదా. వీలైనప్పుడని అతనే అన్నాడు."

"అతను అలా అనలేదు. ఈ నెలే కావాలన్నాడు. ఇవ్వకపోతే తాళాలు ఇక్కడ పెట్టేసి కూర్చుంటానన్నాడు. బిడ్డను ఇంతవరకూ చూడలేదన్నాడు. ఆ తర్వాత బిడ్డకు జ్వరమని రెండుసార్లు చెప్పమన్నాడు. ఇవన్నీ మీకు చెప్పలేదు. నేనే చెప్పలేదు."

గదిలో ఏడు ఏసీలూ తిరుగుతున్నాయి. ఫ్రెంచి ఆవిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

అబూ ఖాలిద్ లేచి బయటికి వెళ్ళాడు. కిటికీలోంచి కనిపించింది. బండి దగ్గర నిలబడ్డ ఓబులేసును ఏదో అడిగాడు. ఓబులేసు ఒక్క మాట అన్నాడు. ఇద్దరి మధ్యా దుబాసీ లేకుండా అరనిమిషంలో అయిపోయింది. తిరిగి వచ్చి నా పక్కన కూర్చుని, "ఆవిడ ఇంకా ఏమేమంది?" అన్నాడు. ఏ భాష అని అడిగిందనీ, కాగితం ఎందుకని అడిగిందనీ చెప్పాను. వైను సంగతి, ముద్దు సంగతి ఆవిడకు వివరించాను. ఆవిడ చాలాసేపు నవ్వలేదు. తర్వాత కళ్ళు తుడుచుకోవాల్సినంతగా నవ్వింది.

ఏజెన్సీ మాకు రాలేదు. బంగారపు ఖర్జూరం చెట్టు ఇచ్చినవాళ్ళకు వెళ్ళింది. అప్పటికే అచ్చయిన వందల క్యాసెట్లను ఏసీ కొన్నవాళ్ళకు ఒకటి చొప్పున ఇచ్చాం. అవి ఏసీతో వచ్చిన సూచనలనుకుని విన్నవాళ్ళున్నారు. ఒక ఇంటివాళ్ళు ఫోన్ చేసి, అంతా విన్నామనీ, చల్లదనం పెంచడం ఎలాగో ఎక్కడా చెప్పలేదనీ అన్నారు.

ఓబులేసు తిరిగి వచ్చాక

ఆ వారమే ఓబులేసు రెండు నెలల సెలవు మీద వెళ్ళాడు. నన్ను ఉద్యోగంలోంచి తీసేయలేదు. ఆ రెండు నెలలూ ఒక లెబనాన్ గుమాస్తాను నా పక్కన కూర్చోబెట్టి, నేను చదివిన ప్రతి ఉత్తరాన్ని అతని చేత మళ్ళీ చదివించాడు యజమాని. అతనికి ఫ్రెంచి బాగా వచ్చు. నేను చదివినదాంట్లో ఒక్క మాట కూడా తప్పు దొరకలేదు. దానికి నేను సంతోషించలేదు.

ఓబులేసు వచ్చిన రోజు యజమాని మా ఇద్దరినీ పిలిచాడు. బిడ్డ ఎలా ఉందో అడగమన్నాడు.

"బిడ్డ నన్ను జూసి తలుపెనక్కి పాయ," అన్నాడు ఓబులేసు. "నెలన్నర దగ్గరికి రాల్యా. యాడికో పొయ్యే మనిషొచ్చినాడనుకునె. మళ్ళ ఒకనాడు తనంతట తానే వచ్చి మెడ బట్టుకునె. వారం దినాలు దిగల్యా. ఆమీట నేను బయల్దేరాల్సొచ్చె."

అన్నీ చెప్పాను. తలుపు వెనక సంగతి, మెడ సంగతి. వారం అన్నచోట వారమే అన్నాను.

అబూ ఖాలిద్ కాసేపు బల్ల మీద కాగితాలు సర్దాడు. "నాలుగు నెలల ముందు వెళ్ళి ఉంటే బిడ్డకు అప్పుడే తండ్రి అయ్యేవాడు. ఆ నాలుగు నెలల్లో పాటల పిచ్చి నాది. మాట మార్చింది నువ్వు. అది అతనికి చెప్పు."

"నా సంగతి కూడానా?"

"అన్నది అన్నట్టు."

ఓబులేసు వైపు తిరిగాను. "ఆలస్యం చేసిన పాటల పిచ్చి తనదట. నువ్వు చెప్పిన మాట మార్చింది నేనట," అన్నాను. "నిజమేనయ్యా. నేనే మార్చాను."

"నాకు తెల్సులే అక్కా," అన్నాడతను. "ఆ పొద్దు నువ్వు చెప్పింది నాకు ఇనపల్లేదా యేంది. సగం అర్థమాయ. తాళాల మాట నువ్వు అనల్యా."

"మరి అప్పుడే అడగొచ్చు కదయ్యా."

"నువ్వు సదువుకున్నదానివి గదా. నేరుగా అడిగితే బాబా ఇయ్యడని, ఏందో ఉపాయం పన్నినావనుకుంటి. ఆ ఉపాయం పారేదాకా పాడదామని పాడితి."

"ఏమంటున్నాడు?" అన్నాడు యజమాని.

ఉపాయానికి అరబిక్‌లో సరైన మాట నాకు వెంటనే తట్టలేదు. తట్టలేదని ఆయనతో అన్నాను. ఆయన ఆగాడు. ఓబులేసు కూడా ఆగాడు. ఇద్దరి మధ్యా నిలబడి, ఆ మాట దొరికేదాకా వెతుక్కుని, దొరికాక అతను అన్నదంతా చెప్పాను.